లారీ ఎక్కని మాస్టారు

నైలు మా బడి తూర్పు గోడను మింగిన ఏడాది అది. అంకెల్లో చెప్పమంటే మా ఊళ్ళో సగం మంది తడుముకుంటారు. వరద ఏడాది అంటే చాలు. ఎవరి ఇల్లు కూలింది, ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరికి ఎవరంటే పడకుండా పోయింది, అన్నీ వరుసగా వస్తాయి.

పడకుండా పోయిన ఇద్దరి సంగతే ఇక్కడ నడుస్తోంది. ఇప్పుడే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం ముందు జరిగింది క్లుప్తంగా చెప్తాను.

నాజిర్ అంటే మా దగ్గర బడికి పెద్ద. పాత నాజిర్ పింఛను పుచ్చుకుని వెళ్ళిపోయాక, కొత్తవాడు వచ్చేదాకా బడిని ఖలఫల్లా నడిపాడు. అతను రెండో పెద్ద. ఇస్త్రీ చొక్కా, చంకలో కొరడా, నవ్వని మూతి. వరద వచ్చిన రోజు ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి బల్లలన్నీ మిట్టకు చేర్పించాడు. గోడ పోయిన చోట ఈతాకు తడికెలు కట్టించి, బురద ఆరకముందే పాఠాలు మొదలుపెట్టించాడు. ఊరంతా అతన్ని నాజిర్ అని పిలవసాగింది. అతను వద్దనలేదు. ఆ పిలుపు వినపడినప్పుడల్లా నడక కొంచెం నెమ్మదించేది.

తర్వాత కోస్తీ పట్నం నుంచి తాజుస్సిర్ వచ్చాడు. వయసులో ఖలఫల్లా కంటే చిన్న. చేతిలో రేకు పెట్టె, ముఖాన నవ్వు. సర్కారు అతన్నే నాజిర్‌గా పంపింది.

కొత్త నాజిర్ ఎవరినీ గద్దించడు. ఎవరి కడుపులో ఏముందో వాళ్ళు చెప్పకముందే పసిగడతాడు. చరిత్ర మాస్టారు రోజూ ఆలస్యంగా వస్తుంటే ఎందుకని అడగలేదు, మొదటి పాఠం తీసేసి మూడో పాఠం ఇచ్చాడు. ఆయన భార్యకు జబ్బని మాకు తర్వాత తెలిసింది. అలా ఒక్కొక్కరే నాజిర్ గది వైపు మళ్ళారు. నేను ఆ బడికి కాపలాదారుణ్ణి. గేటు పక్కన నీళ్ళ బానల దగ్గర నా మంచం. నా దగ్గర టీ తాగేవాళ్ళు కూడా నాజిర్ గదిలో తాగడం మొదలుపెట్టారు. నాకే కొంచెం మండింది. ఖలఫల్లాకు ఎంత మండి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లోనే లెక్కల మాస్టారు ఇద్రీస్ తల్లి చనిపోయింది. వాళ్ళది ఏటికి అవతలి ఒడ్డు. మా దగ్గర చావు ఇంటికి పోతే ముందు మాటలుండవు. ఎదురుగా నిలబడి రెండు అరచేతులూ తెరిచి పట్టి "ఫాతిహా" అంటారు. ఇంటివాళ్ళూ చేతులు తెరుస్తారు. పోయినవాళ్ళ కోసం ఆ ప్రార్థన చదువుకుని ముఖం తుడుచుకున్నాకే చాప మీద కూర్చోవడం. పగవాడైనా సరే, చేతులు తెరిచాడంటే అవతలివాడు తెరవాల్సిందే. తాజుస్సిర్ లారీ మాట్లాడి మాస్టర్లందరినీ ఎక్కించి, పంటు మీద ఏరు దాటించి తీసుకెళ్ళాడు. చిన్న తరగతులకు ఆది, సోమవారాలు సెలవిచ్చాడు.

ఖలఫల్లా లారీ ఎక్కలేదు. "పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఎవరో ఒకరు బడి చూడాలి" అని తడికెల వైపు తిరిగి నిలబడ్డాడు. పెద్ద తరగతులకు ఒక్కడే పాఠం చెప్పాడు. ఇద్రీస్‌కు అక్షరాలు నేర్పింది ఆయనే. తన సొంత శిష్యుడి తల్లి పోతే వెళ్ళని మనిషిని మా ఊరు అంతకుముందు చూడలేదు.

ఇక అదే వారం గురువారం సంగతి.

ఆ రోజు ఇన్‌స్పెక్టర్ వస్తాడని కబురు. ఖలఫల్లా అందరికంటే ముందే వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. తడికెలు సర్దించాడు, బానలు కడిగించాడు. నాతో ఒక్క మాటే అన్నాడు.

"జుబారా బాబాయ్, ఇవాళ తేలిపోతుంది."

"ఏది?"

"బడి మూసి ఊరేగింపులు తిరిగేవాడు నాజిరో, బడి నడిపేవాడు నాజిరో."

వచ్చే ఇన్‌స్పెక్టర్ అబ్దుల్ మౌలా, ఖలఫల్లా ఒకే గదిలో ఉండి మాస్టరు చదువు చదువుకున్నారు. ఆ సంగతి బడిలో అందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టర్ కలం తిరిగితే నాజిర్ మళ్ళీ రేకు పెట్టె సర్దుకోవాల్సిందే అని గుసగుసలు.

మాస్టర్లు ఒక్కొక్కరే వచ్చారు. తాజుస్సిర్ కూడా వచ్చాడు. చేతిలో ఆకుపచ్చ అంచు గిన్నె ఒకటి. శుభ్రంగా కడిగి, అడుగున నాలుగు ఖర్జూరాలు వేసి తెచ్చాడు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా.

తిన్నగా ఖలఫల్లా దగ్గరికొచ్చి, అందరూ చూస్తుండగా, గిన్నె చాపాడు.

"అన్నా, వదినకు నా సలాములు చెప్పండి. ఎండు బెండకాయ పొడితో అంత మంచి కూర మా అమ్మ పోయాక మళ్ళీ తినలేదు."

ఖలఫల్లా గిన్నె వంక చూశాడు. అది తన ఇంటి గిన్నె. ఆయన భార్య బతూల్ పెళ్ళికి తెచ్చుకున్న జతలోది. ఒంటరి మనిషి, భార్యాబిడ్డలు కోస్తీలో ఉన్నారు, ఏం తింటున్నాడో ఏమోనని ఆవిడ పంపింది. మొగుడికి చెప్పలేదు.

చరిత్ర మాస్టారు ఊరుకోడు. "అదృష్టవంతుడివయ్యా నాజిర్. ఆ చేతి కూర మేము ఈదు పండక్కి తప్ప ఎరగం."

"మా ఇంటికి రోజూ వస్తోంది, పొగ" అన్నాడు భూగోళం మాస్టారు. ఆయన ఇల్లు ఖలఫల్లా ఇంటి పక్కనే.

అందరూ నవ్వారు. ఖలఫల్లా గిన్నె అందుకున్నాడు. ఖర్జూరాలు తీసి నా మంచం మీద పెట్టాడు.

"మా ఇంట్లో గిన్నెలు ఎక్కువయ్యాయి లెండి" అన్నాడు. "ఇంకేం కావాలన్నా నన్నే అడగండి నాజిర్ గారూ. ఆడవాళ్ళను కష్టపెట్టడం దేనికి?"

నవ్వులు ఆగిపోయాయి. తాజుస్సిర్ ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. వెంటనే సర్దుకుని, "తప్పు నాదే అన్నా" అన్నాడు.

అలా వెంటనే సర్దుకోవడమే ఖలఫల్లాకు గిట్టనిది. ఒక్కసారైనా మాట తూలితే బాగుండునని ఆయన ఎదురుచూస్తూ ఉండేవాడు. తూలేవాడు కాదు.

ఇన్‌స్పెక్టర్ జీపు ఫలహారం వేళకు వచ్చింది. అబ్దుల్ మౌలా భారీ మనిషి. దిగుతూనే ఖలఫల్లాను కావలించుకుని భుజం మీద నాలుగు దెబ్బలు వేశాడు.

"ఏరా, ఇంకా చావలేదా నువ్వు?"

"నీ జనాజా మోయాలని ఆగాను."

"మోయలేవు. చూడు ఎంత పెరిగానో."

ఆ కాసేపు ఖలఫల్లా నవ్వాడు. తర్వాతే ఇన్‌స్పెక్టర్ నాజిర్‌తో చేయి కలిపాడు. ఆ వరుస ఖలఫల్లాకు నచ్చిందని నిక్కిన ఆయన మెడే చెప్పింది.

మా బడిలో మాస్టర్లంతా ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. నాజిర్ అయినా, నిన్న చేరిన మాస్టరు అయినా అదే పళ్ళెం. ఉడికిన చిక్కుడు గింజలు పోసి, సోడా సీసా అడుగుతో మెదిపి, నువ్వుల నూనె, ఉల్లిపాయ, జున్ను కలిపితే అదే ఫూల్. మెదిపేది ఎప్పుడూ ఖలఫల్లాయే. ఆ రోజు కూడా ఆయనే మెదిపాడు. గట్టిగా మెదిపాడు. గింజ అన్నది మిగల్లేదు.

"ఒరేయ్, ఇది ఫూలా, గోడకు పూసే సున్నమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తిను. గోడ ఎలాగూ పోయింది."

అందరూ చేతులు పెట్టారు. ఇద్రీస్ కూడా ఉన్నాడు. తల్లి పోయాక బడికి రావడం ఆ రోజే. గడ్డం మాసి ఉంది. ఖలఫల్లాకు ఎదురుగా కూర్చున్నాడు గానీ తల ఎత్తలేదు. గురువుగారి వైపు రొట్టె జరపడం అతని అలవాటు. ఆ రోజు జరపలేదు.

"గోడ పోయినా పాఠాలు పోలేదు. అది చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వరద తర్వాత ఒక్క రోజు కూడా బడి ఆగలేదని పైవాళ్ళకు చెప్పాను. నిజమేనా?"

ఖలఫల్లా ముద్ద నమిలి మింగాడు. అప్పుడు అన్నాడు.

"నాజిర్ గారిని అడుగు. ఆది, సోమవారాల సంగతి ఆయనకు తెలుసు."

పళ్ళెం చుట్టూ చేతులు ఆగిపోయాయి. ఇద్రీస్ చేతిలోని రొట్టె ముక్క నూనెలో పడింది. ఆ రెండు రోజులూ వాళ్ళమ్మ పేరు మీద పోయినవని అందరికీ తెలుసు. అందరి ముందూ, ఆమె కొడుకు ముందూ, ఆ మాట పళ్ళెంలో పడింది.

ఇన్‌స్పెక్టర్ కళ్ళు నాజిర్ వైపు తిరిగాయి. "ఏం జరిగింది?"

తాజుస్సిర్ తొందరపడలేదు. వేళ్ళు తుడుచుకున్నాడు.

"ఇద్రీస్ వాళ్ళమ్మగారు పోయారండి. మేమంతా అవతలి ఒడ్డుకు వెళ్ళాం. బడి మాత్రం ఆగలేదు. పెద్ద తరగతులన్నీ ఖలఫల్లా గారు ఒక్కరే చూశారు. నిజానికి ఆయన రావాలనే బయల్దేరారు. శిష్యుడి తల్లి కదా. నేనే ఆపాను. మేము పదిమందిమి లేకపోయినా బడి నిలుస్తుంది, మీరు లేకపోతే నిలవదు, ఉండిపొమ్మని బతిమాలాను. ఇష్టం లేకుండానే ఉండిపోయారు. ఆ నేరం నాది."

నేను టీ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. లారీ బయల్దేరిన రోజు కూడా గేటు దగ్గర ఉన్నాను. నాజిర్ ఆపలేదు. రెండుసార్లు పిలిచాడు.

ఇన్‌స్పెక్టర్ ఖలఫల్లా తొడ మీద చరిచాడు. "చూశావా! మాస్టరు చదువు రోజుల్లోనూ ఇంతే వీడు. అందరూ పెళ్ళికి పోతే వీడు గదికి కాపలా. నాజిర్ గారూ, మనిషిని బాగా పట్టుకున్నారు. బడి నడపడమంటే ఇదే."

అందరికంటే ముందు ఇద్రీస్ లేచాడు. పళ్ళెం చుట్టూ తిరిగొచ్చి, వంగి, ఖలఫల్లా నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు.

"క్షమించండి ఉస్తాద్. నేను ఏదేదో అనుకున్నాను. నాన్న కూడా అనుకున్నాడు. ఇవాళే వెళ్ళి చెప్తాను."

ఖలఫల్లా కదల్లేదు. నోట్లో ముద్ద అలాగే ఉంది. చేతులకు నూనె. కళ్ళు మాత్రం నాజిర్ మీద ఉన్నాయి. కాలే పెనం మీద నీళ్ళు చల్లితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన చూపు.

ఇన్‌స్పెక్టర్ తరగతులన్నీ చూశాడు. వెళ్ళేటప్పుడు జీపు పక్కన నాజిర్‌తో చాలాసేపు మాట్లాడాడు. ఖలఫల్లా తడికె పక్క నుంచి చూస్తున్నాడు. ఇద్దరూ దేనికో నవ్వారు. ఇన్‌స్పెక్టర్ నాజిర్ భుజం మీద కూడా నాలుగు దెబ్బలు వేశాడు. పొద్దున తనకు వేసినట్టే.

జీపు దుమ్ము ఇంకా అణగలేదు, ఖలఫల్లా నాజిర్ గదిలోకి వెళ్ళాడు. గదికి తలుపు లేదు, వరదకు ఉబ్బి ఊడిపోయింది. గోనె పట్టా వేలాడుతోంది. నేను బానలు నింపుతున్నాను. వినకూడదనుకుంటే చెవులు కోసుకోవాలి.

"ఎవరు అడిగారు మిమ్మల్ని?" అన్నాడు ఖలఫల్లా.

"కూర్చోండి అన్నా."

"కూర్చోను. ఎవరు అడిగారని అడుగుతున్నాను. నన్ను ఆపానని చెప్పమని ఎవరు అడిగారు?"

"ఇద్రీస్ ముఖం చూశారా? ఆ మాట అనకపోతే వాడు ఆ పళ్ళెం దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ మీ ముఖం చూసేవాడు కాదు."

"చూడకపోతే నా ఖర్మ! అది నాకూ వాడికీ మధ్య సంగతి. వాడు నా నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడయ్యా. నాకు కాదు అది, నీ అబద్ధానికి." మీరు పోయి నువ్వు వచ్చింది. ఖలఫల్లా గమనించలేదు. "నా కుర్చీ తీసుకున్నావు. సర్కారు ఇచ్చింది, సరే. మాస్టర్లను తీసుకున్నావు. నా ఇంట్లో కూర తీసుకున్నావు. నేను చేసిన తప్పు ఒకటి మిగిలింది నాకు, అచ్చంగా నాది. దాన్ని కూడా నీ మంచితనం కింద జమ చేసుకున్నావు!"

నేను చెంబు ముంచడం ఆపాను. ముంచితే చప్పుడవుతుంది.

"మీరు ఎందుకు రాలేదో నాకు తెలుసు" అన్నాడు తాజుస్సిర్.

"నీకు అందరి సంగతీ తెలుసు కదా."

"లారీలోంచి నా వెనక దిగాల్సి వస్తుందని. అవతలి ఒడ్డు వాళ్ళు ముందు నాకు ఎదురొచ్చి, తర్వాత మీ చేయి పట్టుకుంటారని."

నాజిర్ కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"కోస్తీలో నేనూ రెండో పెద్దనే అన్నా. చాలా ఏళ్ళు. నా మీద ఒక కుర్రాణ్ణి తెచ్చి పెట్టారు. వాడు దగ్గినా నాకు ఒళ్ళు మండేది. వాడు మంచివాడు కూడా. అది ఇంకా ఘోరం."

"అయితే దీనికి మందేదో నీకు తెలిసుండాలి."

"తెలియదు. నాకు బదిలీ వచ్చింది. అంతే."

ఖలఫల్లా ముక్కుతో చిన్న చప్పుడు చేశాడు. నవ్వో, చీదరో చెప్పలేను.

"ఇంకో మాట కూడా వినండి" అన్నాడు తాజుస్సిర్. గొంతు మారింది. ఎప్పుడూ ఉండే మెత్తదనం లేదు. "నేను వచ్చిన మొదటి వారం గేటు దగ్గర పిల్లలు నాజిర్, నాజిర్ అని అరిచారు. నేను వెనక్కి తిరిగి చేయి ఊపాను. వాళ్ళు పిలిచింది మిమ్మల్ని. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. ఇప్పటికీ ఊళ్ళో ఎవరింటికి పోయినా, ఖలఫల్లా ఛాతీ లోతు నీళ్ళలో బల్లలు మోశాడని నాకు చెప్తారు. అక్కడ నేను లేను. ఎన్ని చేసినా ఆ నీళ్ళలో నేను ఉండలేను కదా."

"దాని గురించి నన్నేం చేయమంటావు?"

"అవతలి ఒడ్డున కొత్త బడి పెడుతున్నారు. వచ్చే నెలలో తెరుస్తారు. నాజిర్ కావాలి. అబ్దుల్ మౌలా గారు జీపు దగ్గర అడిగింది అదే. నేను మీ పేరు చెప్పాను. ఆయన అప్పుడే ఒప్పేసుకున్నాడు. శనివారం మీ నోటి మాట పంపితే చాలు."



"నన్ను ఏరు దాటిస్తున్నావన్నమాట" అన్నాడు ఖలఫల్లా నెమ్మదిగా.

"అవును."

"నా మీద ప్రేమతో?"

"అందులో ప్రేమ కొంచెం. మీరు ఎదురుగా ఉంటే నేను ఈ బడికి నాజిర్‌ను కాలేను. అది ఎక్కువ."

ఖలఫల్లా గోనె పట్టా తొలగించి బయటికొచ్చాడు. నన్ను చూశాడు. నేను విన్నానని ఆయనకు తెలుసు. మళ్ళీ గది వైపు తిరిగాడు.

"నువ్వు అందరి మనసూ చదువుతావు గానీ, తాజుస్సిర్, ఒకటి మర్చిపోయావు. ఆ బడికి స్థలం ఇచ్చింది ఎవరు?"

ఖలఫల్లా ఆగకుండా తనే చెప్పాడు.

"హాజ్ అబ్బాస్. ఇద్రీస్ తండ్రి. ఆయన పెళ్ళాం పోతే చేతులు తెరవడానికి రాని మనిషిని ఆయన స్థలంలో నాజిర్‌గా కూర్చోబెడతావా? ఆ ఒడ్డున ఒక్కడు పిల్లవాణ్ణి పంపుతాడా? ఇప్పుడు నేను వెళ్ళి చేతులు తెరిచానే అనుకో. కుర్చీ కోసం వచ్చాడంటారు. తెరవకపోతే కుర్చీ లేదు. భలే బహుమానం ఇచ్చావయ్యా."

"నేను చెప్పిన మాట ఉంది కదా అన్నా" అన్నాడు తాజుస్సిర్, గడపలోకి వచ్చి. "నేను ఆపానని. ఇద్రీస్ ఈపాటికి తండ్రికి చెప్పి ఉంటాడు. మీరు ఊరికే వెళ్ళండి. ఎవరూ ఏమీ అనరు."

ఖలఫల్లా ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. అంత అసూయతో ఒక మనిషి ఇంకో మనిషిని చూడడం నేను ఎరగను. నాజిర్‌ను తిట్టే మాట ఏదైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. గిన్నె చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు శుక్రవారం. బడికి సెలవు. నేను నీళ్ళు చల్లి ఆవరణ ఊడుస్తున్నాను. ఖలఫల్లా వచ్చాడు. తెల్లటి పొడుగు జలాబియా, తలపాగా. కొరడా లేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"జుబారా బాబాయ్, చేతులు కడుక్కో."

"ఎక్కడికి?"

"ఫాతిహాకు ఒక్కడే పోకూడదు కదా."

చీపురు పెట్టేసి, చేతులు కడుక్కుని వెంట నడిచాను. లారీ రోజు నేను గేటు వదిలి వెళ్ళలేకపోయాను. నేనూ ఇంకా చేతులు తెరవలేదు.

రేవులో తెరచాప పడవ ఉంది. వరద తీసినా నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పడవవాడు కర్రార్ మమ్మల్ని చూడగానే పళ్ళన్నీ బయటపెట్టాడు.

"ముబారక్ నాజిర్! మా ఒడ్డుకు వస్తున్నావటగా! నిన్న జీపు డ్రైవరు చెప్పాడు."

కబురు మాకంటే ముందే ఏరు దాటింది. ఖలఫల్లా పడవ ఎక్కి కూర్చున్నాడు. పడవలో ఉల్లిపాయల బుట్ట పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. అవతలి ఒడ్డు మనిషి.

"అబ్బాస్ ఇంటి మనిషి పోయినప్పుడు ఈ పడవలు లేవు కాబోలు" అంది గాలితో చెప్తున్నట్టు. "కుర్చీ అనేసరికి తెరచాప దానంతటదే లేచింది."

"ఊరుకో హాజ్జా" అన్నాడు కర్రార్. "పాపం, ఆయన్ని నాజిర్ ఆపాడంట. ఇద్రీస్ చెప్పాడు నిన్న."

"అలాగా? ఏమో. మరి తర్వాతైనా రావడానికి ఎవరు ఆపారో."

కర్రార్ నోరు మూసుకుని చుక్కాని పట్టుకున్నాడు. నడి ఏటిలో ఒకసారి ఖలఫల్లా వైపు వంగి, "వెనక్కి తిప్పనా ఉస్తాద్? ఇంకో రోజు వద్దువు గాని" అని గొణిగాడు. ఖలఫల్లా అడ్డంగా తల ఊపాడు.

హాజ్ అబ్బాస్ ఇంటి ముందు చావు చాపలు ఎత్తేశారు. ఆయన తుమ్మచెట్టు కింద నులక మంచం మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇద్రీస్ మమ్మల్ని దూరం నుంచే చూసి ఎదురు పరుగెత్తుకొచ్చి గురువుగారి చేయి పట్టుకున్నాడు.

"నాన్నా, చెప్పానా! ఉస్తాద్ వచ్చారు! నాజిర్ ఆపారు కాబట్టి గానీ, మొదటి రోజే వచ్చేవారు."

ముసలాయన ముఖం తేటపడింది. కర్ర పక్కన పెట్టాడు. కష్టం మీద లేచాడు. రెండు చేతులూ పైకి లేస్తున్నాయి. వేళ్ళు విచ్చుకుంటున్నాయి. ఇంకొక్క క్షణం ఆగితే అయిపోయేది. ఫాతిహా చదివి, ముఖం తుడుచుకుని, టీ తాగి, శనివారం ఖలఫల్లా నోటి మాట పంపేవాడు.

"ఆగండి హాజీ" అన్నాడు ఖలఫల్లా.

ముసలాయన చేతులు గాలిలో ఆగాయి.

"నన్ను ఎవరూ ఆపలేదు. నాజిర్ రమ్మని పిలిచాడు, రెండుసార్లు. నేనే లారీ ఎక్కలేదు. ఆయన వెనక దిగడం నా వల్ల కాలేదు. మీ ఇల్లాలు నా చేతికి ఎన్నిసార్లు పాలు ఇచ్చిందో నాకు గుర్తుంది. అయినా రాలేదు. అది నాజిర్ తప్పు కాదు, నాది. దాన్ని ఆయనకు ఇవ్వను."

ఇద్రీస్ గురువుగారి చేయి వదిలేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

హాజ్ అబ్బాస్ వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. చేతులు దిగిపోయాయి. మంచం మీద కూర్చున్నాడు. కర్ర తీసుకుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. మా వైపు చూడలేదు. ఏటి వైపు చూస్తున్నాడు.

ఖలఫల్లా ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు. రెండు అరచేతులూ తెరిచి ఛాతీ ముందు పట్టాడు.

"ఫాతిహా" అన్నాడు.

పక్కన నేనూ చేతులు తెరిచాను. అంత మంది ఉన్నా తెరిచిన చేతులు మా ఇద్దరివే.

చదవడం అయిపోయింది. నేను ముఖం తుడుచుకుని చేతులు దించాను. ముసలాయన కర్ర వదల్లేదు. ఎండ తుమ్మచెట్టు దాటి మా మీదికి వచ్చింది.

ఖలఫల్లా మాత్రం చేతులు దించలేదు.